ఏడుగురి బండ

తాండూరులో శిలాఫలకం కావాలంటే నా దుకాణానికే రావాలి. నాపరాయి మీద అక్షరం చెక్కడంలో మా నాన్న తర్వాత నేనే. గొప్పలు పోవడం కాదు, ఎవరినైనా అడగండి, రెబెక్క చేతిపని గురించి చెబుతారు. రోడ్లకు, నీళ్ల ట్యాంకులకు, ఆఖరికి మరుగుదొడ్లకు కూడా నాయకుల పేర్లు చెక్కాను. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

నర్సింహులు పటేల్ చెక్కమని తెచ్చిన కాగితం చూసేసరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. యాలాల్ దగ్గర మా ఊళ్లో అమర జవాన్లకు స్తూపం కడుతున్నారు. ఆ కమిటీకి ఆయనే పెద్ద. కాగితంలో పద్నాలుగు వరసలు నాయకుల పేర్లే. అన్నిటికన్నా పైన, పెద్దగా, ఆయన పేరు. అట్టడుగున ఒకే ఒక్క వరస: ‘వీర జవాన్లు జంగప్ప, దశరథ్ తదితరులు.’

మా ఊరి నుంచి పటాలానికి పోయి ప్రాణాలిచ్చినవాళ్లు ఏడుగురు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోయిన జంగప్ప మొదటివాడు. ఆఖరివాడు ప్రేమ్‌సాగర్, మా తమ్ముడు. మూడేళ్ల కిందట సరిహద్దు నుంచి పెట్టెలో ఇంటికొచ్చాడు.

“మా తమ్ముని పేరేది పటేలా?” అన్నాను.

“తదితరులల్ల ఉన్నడు గదమ్మా. బండ మీద జాగ సాలలేదు.”

“మీ పేర్లకు మస్తు సాలింది గద!”

“గది ప్రోటోకాల్. నీకు సమజ్ గాదు. చెప్పినట్టు చెక్కు. లేకుంటే గీ జిల్లాల నీకు ఇంకో బండ రాకుంట జేస్త.”

అన్నంత పనీ చేసే మనిషే. దుకాణం పోతే అమ్మకూ నాకూ వేరే ఆధారం లేదు. ఆ సాయంత్రం భయంభయంగా అమ్మకు చెప్పాను. మా అమ్మ హన్మమ్మకు చదువు రాదు. అయినా తేల్చి చెప్పింది.

“దుకాణం పోతే కూలికి పోదం. కూలి జేసే గదా నిన్నూ నీ తమ్మున్నీ సాదింది? నా కొడుకు పేరు చెక్కు.”

మర్నాడే ఉలి పట్టాను. ఏడు పేర్లు, పక్కన వయసు, పోయిన చోటు. అంతే, ఇంకో అక్షరం లేదు. స్తూపం కడుతున్న మేస్త్రీ పాండుకు చూపిస్తే బండను స్తూపానికి బిగించి గుడ్డ కప్పాడు. దశరథ్ అతనికి పెద్దనాన్న అవుతాడు.

ఆవిష్కరణ రోజు ఊరంతా వచ్చింది. పటేల్ నవ్వుతూ గుడ్డ లాగాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“గిదేంది? నా పేరేది?”

నేను ముందుకు నడిచాను. “ఇది పాణం ఇచ్చినోళ్ల బండ పటేలా. మీరు గూడ ఇస్తనంటే చెప్పుండ్రి, కింద జర జాగ ఉంచిన.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పటేల్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. “పీకెయ్ రా పాండూ!” అని అరిచాడు.

“సిమెంటు పట్టింది పటేలా. నాతోని గాదు.” పాండు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రేపటి సంది నీ దుకాణం బంద్!” అన్నాడు పటేల్ నా వైపు తిరిగి.

“బంద్ జేయించుండ్రి. చేతులు నాయే గదా!”

అప్పుడు అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. “చదువు బిడ్డా. అందరికీ ఇనబడాలె,” అంది.

చదివాను. ఒక్కో పేరుకూ ఆ ఇంటివాళ్లు వచ్చి బండ మీద చెయ్యి పెట్టారు. జంగప్పకు మాత్రం ఎవరూ మిగల్లేదు. ఆయన పేరు మీద అమ్మే చెయ్యి పెట్టింది. ఆఖరి పేరు దగ్గర నేను ఏడుస్తానేమోనని పటేల్ చూస్తున్నాడు. ఏడుపు వచ్చింది. దాన్ని మింగేసి, ఆయన కళ్లలోకి చూస్తూ, “ప్రేమ్‌సాగర్, ఇరవై ఆరేండ్లు!” అని అరిచాను. చాలదనిపించి మళ్లీ అరిచాను.