రెండో గొంతు

చక్రాల కుర్చీ కడిగి శనివారంలోగా షాపులో తిరిగి ఇచ్చెయ్యాలి. అద్దెకిచ్చినప్పుడు వాళ్ళు శుభ్రంగా ఇచ్చారు, మనమూ అలాగే అప్పగించాలి. పెరట్లో కుళాయి దగ్గర పెట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో చక్రాల సందుల్లో పట్టిన మురికి తీస్తున్నాను. ముందు చక్రానికి అత్తయ్య తెల్ల వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. లాగితే రాలేదు. కత్తెర తెచ్చి కోశాను గానీ దాన్ని ఎక్కడ పడెయ్యాలో తోచలేదు. అలా వేళ్ళ మధ్య పట్టుకుని ఉండగానే వదిన ఫోన్ చేసింది. మా ఆయనకి అక్క.

“ఏం చేస్తున్నావు?”

“కుర్చీ కడుగుతున్నాను వదినా.”

“కడుగు, కడుగు. పాపం, అమ్మ పట్టుమని పదిహేను రోజులు కూడా కూర్చోలేదు అందులో. అన్నట్టు, నీ మార్కులొచ్చాయా?”

“ఇంకా రాలేదు.”

“వస్తాయిలే. అంత నిష్ఠగా రాశావు కదా.”

ఆవిడ గొంతులో వెటకారం లేదు. మామూలుగా అడిగినట్టే అడిగింది. అత్తయ్య పోయి ఇరవై ఆరు రోజులైంది, ఈ ప్రశ్న ఇది నాలుగోసారి. తిడితే ఏడవవచ్చు, ఎదురు చెప్పవచ్చు. దీనికి “అవును వదినా” అనడం తప్ప ఏం చెయ్యను? ఫోన్ పెట్టేసి మళ్ళీ చక్రం రుద్దాను. అప్పటికే మెరుస్తోంది.

నేను హైస్కూల్లో కంప్యూటరు పాఠం చెబుతాను. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నాను. రెండేళ్ళ కిందట పెద్ద మేడం పిలిచి, పై తరగతులకు చెప్పాలంటే పీజీ ఉండాలని కొత్త నిబంధన వచ్చిందని చెప్పారు. లేకపోతే చిన్న తరగతులకి మారాలి. ఆ పిల్లలకి బొమ్మలో రంగులు నింపడం నేర్పాలి. అలా నలభై నాలుగో ఏట దూరవిద్యలో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పీజీలో చేరాను. అందరితోనూ నిబంధన గురించే చెప్పాను. చదువుకోవాలని ఉందన్న మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. “ఇంటిపని ఆగకుండా చూసుకుంటే నీ ఇష్టం” అన్నారు. ఆఫీసులో గొప్పగానే చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. ఇంట్లో మాత్రం నాకు కంప్యూటరమ్మ అని పేరు పెట్టారు. చుట్టాలు వచ్చినప్పుడు “కంప్యూటరమ్మా, నాలుగు టీలు డౌన్‌లోడ్ చెయ్” అనేవారు. అందరూ నవ్వేవారు. టీ పెడుతూ నేనూ నవ్వేదాన్ని.

ఇస్త్రీ బల్లే నా చదువు బల్ల. బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో, బల్ల సగం మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు, మిగతా సగం మీద ల్యాప్‌టాప్. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, వంట పొయ్యి మీద పడేసి కూర్చుంటే, అత్తయ్య కర్ర ఊతంగా వచ్చి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చునేది. “ఇవాళేం నేర్చుకున్నావు అమ్మాయ్?” అని అడిగేది. అర్థమయ్యేలా చెప్పి తీరాలి, లేకపోతే ఊరుకునేది కాదు. అత్తయ్యకి అర్థమైతే నాకు ఆ పాఠం వచ్చినట్టే లెక్క. ఒకరోజు డేటాబేస్ గురించి చెబుతున్నాను. లక్షమంది ఉన్నా ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి ఉండదు అన్నాను. ఆవిడ ఆలోచించి, “మరి మనింట్లో ఎవరికేం కావాలన్నా అందరూ నీ నంబరే కొడతారేం?” అంది. ఇద్దరం పొయ్యి మీది గిన్నె అడుగంటేదాకా నవ్వాం. ఆవిడ మంచి అత్తగారని నేను చెప్పబోవడం లేదు. పెళ్ళైన కొత్తల్లో నన్ను చాలా ఏడిపించింది. కానీ ఆ స్టూలు మీద కూర్చున్న రెండేళ్ళూ ఆవిడే నా క్లాసుమేటు.

నెలన్నర కిందట, ఒక ఆదివారం పది గంటలకి పరీక్ష. ఇంటి నుంచే రాయవచ్చు గానీ నియమాలు గట్టివి. గదిలో ఒక్కరే ఉండాలి, కెమెరా, మైకు రెండు గంటలూ తెరిచి ఉంచాలి, కుర్చీలోంచి లేస్తే ఆ పేపరు పోయినట్టే. పొద్దున టిఫిను దగ్గర ఇది రెండుసార్లు చెప్పాను. తొమ్మిదిన్నరకి అత్తయ్యని బాత్రూముకి తీసుకెళ్ళి తెచ్చాను. ఆ మధ్య కాళ్ళు తడబడుతుండడంతో ఆవిడ్ని ఒంటరిగా పంపేవాళ్ళం కాదు. మందులు వేసి, మంచినీళ్ళు పక్కన పెట్టి, హాల్లో పేపరు చదువుతున్న ఆయనతో, “కాస్త అత్తయ్యని చూస్తూ ఉండండి” అన్నాను. “మేమేమైనా పాలు తాగే పిల్లలమా? వెళ్ళి రాసుకో” అన్నారు.

ఏ ప్రశ్న రాస్తుండగా పిలుపు వినిపించిందో నాకు గుర్తుంది. యంత్రానికి ఒకేసారి పది పనులు వచ్చి పడితే ముందు దేన్ని అందుకోవాలో తేల్చే పద్ధతులు వివరించమన్నారు. మొదటి పద్ధతి రాసి రెండోదానిలో ఉన్నాను. అత్తయ్య గొంతు వినబడింది. మాటలు వినలేదు, పిలుపు మాత్రమే. ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఏ పిలుపైనా నాకే కాబట్టి అదీ నాకే అనుకున్నాను. అనుకుని, లేవలేదు. జాలి కూడా కలగలేదు, చిరాకు కలిగింది. ఈ ఒక్క రెండు గంటలూ అయినా నన్ను వదలరా అనుకున్నాను. ఆ తర్వాత మనసు తలుపు మూసేసుకుని రాసుకుపోయాను. పది నిమిషాల తర్వాత దబ్బుమని చప్పుడైంది. ఆ చప్పుడు దేనిదో నాకు తెలుసు. తెలిసీ, పేపరు సమర్పించే బటన్ నొక్కాను. “ఖచ్చితంగా సమర్పిస్తారా?” అని కంప్యూటరు అడిగింది. అవునని ఇంకోసారి నొక్కి, అప్పుడు లేచి పరిగెత్తాను. ఆ రెండు నొక్కుల సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, వారం రోజుల ఆసుపత్రి, ఇంట్లో పన్నెండు రోజులు ఈ కుర్చీ, తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము. డాక్టరు “ఒక్కరే ఎందుకు లేచారమ్మా, ఎవర్నైనా పిలవాల్సింది కదా” అంటే, అత్తయ్య “నేనెవర్నీ పిలవలేదండీ. నా తొందర” అంది. ఆ మాట నాకోసమే అందనుకున్నాను. వచ్చి చూసిన ప్రతివాళ్ళతోనూ అదే చెప్పింది. విన్న ప్రతిసారీ నా తల ఇంకాస్త వంగింది. ఆయన కూడా ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పారు. “నాకు పేపరు చదువుతూ కునుకు పట్టేసింది. మెలకువగా ఉంటే అమ్మని పడనిస్తానా? ఇది లోపల పరీక్షలో ఉంది.” ఆసుపత్రి వరండాలో ఆయన గోడకి తల ఆనించి ఏడుస్తుంటే వెన్ను నిమిరాను. నిద్రపోయిన మనిషి తప్పేముంది? మెలకువగా ఉండి, విని, లేవనిదాన్ని నేనే కదా.

ఆవిడ పోయాక చదువు మానేస్తున్నానని యూనివర్సిటీకి రెండు వాక్యాల ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపడమే తరువాయి. ఆయనకి చెబితే, “మంచి పని చేస్తున్నావు. అక్క కూడా కాస్త కుదుటపడుతుంది” అన్నారు. శనివారం కుర్చీ ఇచ్చేసి వచ్చి పంపుదామనుకున్నాను. కుర్చీ ఆరబెట్టి లోపలికి వచ్చేసరికి యూనివర్సిటీ నుంచి మెయిలు వచ్చి ఉంది.

నా ఫలితం ఆపి ఉంచారట. డెబ్భై రెండో నిమిషంలో రికార్డింగులో పరీక్షార్థివి కాని రెండు గొంతులు వినిపించాయట. అవి ఎవరివో, పరీక్షలో నాకేమైనా సాయం చేశారేమో వారం లోపు లిఖితపూర్వకంగా చెప్పాలి. గొంతులు ఎవరివైతే వాళ్ళు కూడా తమ వివరణ విడిగా రాసి సంతకం చెయ్యాలి. లేకపోతే పేపరు రద్దు. రికార్డింగు వినడానికి లింకు కూడా ఇచ్చారు.

రెండు గొంతులు అన్నచోట పొరపాటు పడ్డారనుకున్నాను. పిలిచింది ఒక్కరే.

మర్నాడు బడి వదిలాక ల్యాబులో కూర్చున్నాను. పిల్లలు కుర్చీలు అడ్డదిడ్డంగా వదిలేసి పోయారు. అవన్నీ సర్దాను. కీబోర్డుల మీద గుడ్డలు కప్పాను. ఇంక చెయ్యడానికి పనేమీ మిగల్లేదు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డెబ్భై రెండో నిమిషం దగ్గర ఆన్ చేశాను. తెర మీద నేను. నుదురు ముడిచి, పెదవి కొరుకుతూ టైపు చేస్తున్నాను. గోడ అవతలి నుంచి అత్తయ్య గొంతు. ఇన్ని రోజుల తర్వాత ఆ గొంతు వినగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

“ఒరేయ్ నాన్నా... ఇలా రా, బాత్రూముకి పట్టుకెళ్ళు.”

తెర మీద నా తల ఒక్క క్షణం పైకి లేచింది. మళ్ళీ వంగింది. అప్పుడు ఆయన గొంతు. నిద్రమత్తు లేదు. పేపరు మడత పెడుతున్న చప్పుడు కూడా వినిపించింది.

“ఉండమ్మా. అది వస్తుంది.”

“దానికి పరీక్షరా. నువ్వు రా.”

“ఇంకో ముప్పావుగంటలో అయిపోతుంది. అందాకా ఆగలేవా?”

“నువ్వు రావేంరా?”

“నాకవన్నీ ఏం తెలుసమ్మా? పిలిచావుగా, వినే ఉంటుంది. అదే వస్తుందిలే.”

తర్వాత ఇంక మాటల్లేవు. కాసేపటికి నేల మీద కర్ర చప్పుడు. ఆ చప్పుడు ఆగి ఆగి నా గది గుమ్మం ముందు నుంచి వెళ్ళింది. తెర మీద నేను టైపు చేస్తూనే ఉన్నాను.

మూడుసార్లు విన్నాను. ఆ రోజు ఇంత స్పష్టమైన మాటలు నా చెవిన ఎలా పడలేదని కాదు నా ప్రశ్న. చిరాకు పడ్డాక ఎవరూ ఏమీ వినరు, నాకు తెలుసు. బరువు దిగుతుందేమో అని ఎదురుచూశాను. దిగలేదు. ఆ కర్ర చప్పుడు కొత్తగా వచ్చి చేరింది. అయితే ఒకటి. అత్తయ్య “నేనెవర్నీ పిలవలేదు” అన్నది నన్ను కాపాడ్డానికే అనుకుని ఇన్నాళ్ళూ ఏడ్చాను. పక్కనే నిలబడి ఆ మాట విన్న ఇంకో మనిషికి అది ఎవరి కోసమో తెలుసు. తెలిసి, నా చేత వెన్ను నిమిరించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆయన హాల్లో ఉన్నారు. ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, మెయిలు చదివించి, రికార్డింగు వినిపించాను. “నాన్నా” అన్నచోట కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక కూడా చాలాసేపు తెరవలేదు. ఆయన మీద నాకు జాలి వేసింది. జాలి వేసినా అక్కడి నుంచి కదల్లేదు.

“ఎవరికైనా వినిపించావా?” అన్నారు చివరికి.

“లేదు.”

“అక్కకి?”

“లేదండీ.”

“ముప్పావుగంటే కదా అనుకున్నాను. అమ్మ లేస్తుందని నేనేమైనా కలగన్నానా?” ఆయన చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నారు. “అయినా నువ్వెలాగూ మానేస్తున్నావుగా. ఆ మానేసే ఉత్తరం పంపేస్తే ఇదంతా ఎవరికీ రాయక్కర్లేదు. గొడవే ఉండదు.”

“అది తీసేశాను.”

“అంటే, చదువుతావా?”

“చదువుతాను.”

“ఇంత జరిగాక కూడానా?”

“ఇంత జరిగాక కూడా.”

తల ఎత్తి చూశారు. ఇరవై మూడేళ్ళలో ఆయన నావైపు అలా చూడటం గుర్తులేదు. కోపం కాదు, భయం. ఆ భయాన్ని కూడా పోగొట్టి, “పర్లేదులెండి, నేనే ఏదో ఒకటి రాసేస్తాను” అనెయ్యడానికి నా నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకున్నాను. ల్యాబులో ప్రింటు తీసుకున్న రెండు యూనివర్సిటీ వివరణ ఫారాల్లో ఒకటి, నింపనిది, బల్ల మీద ఆయన ముందు పెట్టాను. రెండోది నాది. దాని నిండా రాసి ఉంది.

“నా ఒక్కడి మీదే పెడుతున్నావా?” అన్నారు గొంతు పెంచి. “నువ్వు మాత్రం వినలేదా ఏం?”

“విన్నాను. విని లేవలేదు. పడ్డ చప్పుడయ్యాక కూడా ముందు పేపరు పంపి ఆ తర్వాతే లేచాను. అదంతా నా కాగితంలో రాశాను. మీది మీరు రాయండి.”