అత్తగారి కంట్లో ఎవరిదో మచ్చ

కంటి లోపలి ఫొటోలో మచ్చ కనబడిందని, రేపే లేజరు చేయాలని డాక్టరమ్మ అత్తగారికి చెప్పింది. ఆ ఫొటో తీసిన మిషనుకు ప్రోగ్రాం రాసిన కంపెనీలోనే కోడలి ఉద్యోగం. ఫొటో చూసినప్పటినుంచి ఆమెకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది. మచ్చ పక్కన రక్తనాళాలు చటుక్కున తెగి, మరెక్కడో మొదలయ్యాయి. దేవుడిచ్చిన కన్ను అలా ఉండదు.

"కెమెరాదే తప్పు" అన్నాడు తుఫాను. ఏ పనైనా రెప్పపాటులో అయిపోవాలని పట్టుబట్టే సీనియర్‌కు ఆఫీసు పెట్టిన పేరది. "నా దగ్గర నిక్షేపంలా పనిచేస్తోంది కదమ్మా!"

ఈ మాట విని విని ఆమె విసిగిపోయింది. కుర్చీ లాక్కుని అతని పక్కనే కూలబడి, కోడు పైనుంచి కిందికి చదివింది. అతని సిస్టంలో నిజంగానే బాగుంది. ఎందుకు బాగుండదు! తీసిన ప్రతి ఫ్రేమునూ, అంటే ఒక్కో ఫొటోను పట్టి ఉంచే డబ్బాను, తీరిగ్గా చూసుకోవడానికి మహానుభావుడు పారేయకుండా దాచుకుంటున్నాడు. క్లినిక్‌కు పంపిన దాంట్లో మాత్రం ఆ దాచుకోవడం తీసేశాడు.

"అయ్యా, ఫొటో ఉన్న మెమరీ సి భాషలో రాసిన లైబ్రరీది. మన పైథాన్ ప్రోగ్రాంలోని అర్రే దాన్ని చూసే తలుపంతే, సొంతం కాదు. మీరు అర్రే తీసుకుని ఫ్రేమును వదిలేశారు. ఎవరికీ అక్కర్లేదనుకుని పైథాన్ ఆ ఫ్రేమును తీసేసింది. లైబ్రరీ ఆ జాగాను తర్వాతి ఫొటోకి ఇచ్చేసింది. ఇల్లు ఇంకొకరు అద్దెకు దిగాక కూడా మనం అదే తలుపు తీసి చూస్తున్నాం!"

"కాపీ చేస్తే స్పీడు పోతుందనీ..." నీళ్లు నమిలాడు తుఫాను.

"కాపీ ఎవరు చేయమన్నారు మహాప్రభో! ఫొటో సేవ్ అయ్యేదాకా ఆ ఫ్రేమును పట్టుకుని ఉంటే చాలు. ఒక్క లైను! ఆ ఒక్క లైను లేక మా అత్తగారి కన్ను కాల్చేవారు!"

లేజరు ఆపమని డాక్టరమ్మకు చెప్పి, అత్తగారికి ఫోన్ చేసింది.

"నా కంటికేం లేదని మొత్తుకుంటే విన్నారా? మీ మిషను నా ప్రాణం తోడేసింది" అంది అత్తగారు. "ఇంతకీ ఆ మచ్చ ఎక్కణ్ణుంచి ఊడిపడిందే అమ్మాయ్?"

"మీ తర్వాత తీసిన ఫొటోది అత్తయ్యా. సగం మీ దానిమీద పడింది."

అనేశాక కోడలికి తట్టింది. మచ్చ అబద్ధం కాదు. అది నిజంగానే ఒకరి కంట్లో ఉంది. వాళ్ల ఫొటో మీద ఆ తర్వాతి వాళ్లది పడి, అది కనబడకుండా పోయింది.

"మీ తర్వాత లోపలికెవరు వెళ్లారు?"

"బస్సు డ్రైవరు. కంటికేమీ లేదన్నారని, డ్యూటీకి టైమైందని ఒకటే పరుగు, పాపం."

ఆమె ఆ ఫోను పెట్టేయను కూడా లేదు. బల్లమీదున్న తుఫాను ఫోను లాక్కుని క్లినిక్ నంబరు నొక్కింది.

"ముందు ఆయన్ని బస్సు దింపండి" అంది.