బెయిలొద్దన్న ఎల్లప్ప

పెనుకొండ సబ్‌జైల్లో బెయిలొచ్చాక బయటికి పోనని మొండికేసిన మనిషి ఎల్లప్ప ఒక్కడే.

ఎల్లప్పది హిందూపురం. సినిమా హాలు ముందర గోలీసోడా బండి పెట్టుకుని బతికేవాడు. 1998 ఎండాకాలంలో పక్క బండివాడితో జాగా కోసం తగాదా వచ్చి, చేతిలోని సీసాతో వాడి నెత్తిన ఒకటిచ్చాడు. కుట్లు పడ్డాయి. హిందూపురం జైలు నిండిపోయిందని ఎల్లప్పను పెనుకొండకు పంపారు.

పెనుకొండలో మాత్రం జాగా ఎక్కడుంది? పదిమంది పట్టే గదిలో నలభై మందిని కుక్కారు. పడుకుంటే అందరూ ఒకే పక్కకు ఒత్తిగిలాల్సిందే. ఎల్లప్ప కాళ్లకాడ తిమ్మరాజు అనే ఖైదీ తల ఉండేది. ఒళ్లు తిమ్మిరెక్కినప్పుడు దాసప్ప అనే ముసలి ఖైదీ "తిరగండప్పా!" అని కేకేసేవాడు. గది గదంతా ఒక్కసారిగా రెండో పక్కకు తిరిగేది.

ఖైదీల కేసులు ఉచితంగా చూసే ధర్మవరం లాయరమ్మ పవిత్ర ఈ కష్టం విని, హైకోర్టుకు పోదామంది. ఎవరి పేరు మీద? జైలరుకు జడిసి అందరూ తలలు దించుకున్నారు.

"నా పేరు రాసుకోమ్మా. సోడాలమ్ముకునేవాన్ని, నన్నేం చేస్తారు?" అన్నాడు ఎల్లప్ప.

కేసు విన్న హైకోర్టు, జిల్లా జడ్జిని స్వయంగా పోయి చూసి రమ్మంది.

జడ్జి రేపొస్తాడనగా ఎల్లప్పకు బెయిలొచ్చింది. మామూలుగా అయితే కాగితం వచ్చినా మనిషిని వదిలేసరికి పొద్దుగూకుతుంది. ఆ రోజు జైలరే చెప్పులు తెచ్చి ముందర పెట్టాడు.

"పోప్పా, నీ పెండ్లాం గేటుకాడ కాసుకోనుండాది."

ఆ మర్యాద చూడగానే ఎల్లప్పకు సంగతి అర్థమైంది. "నేను పోతే రేపు జడ్జి దొరకు చెప్పేవాళ్లెవరు సార్? ఈ ఒక్క దినం ఉంటా."

"ఇదేమన్నా మీ అత్తగారిల్లా?"

ఇద్దరు వార్డర్లు చెరో రెక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టారు.

బయట అతని పెండ్లాం నాగమ్మ ఆ మాటలన్నీ వినింది. "మా అన్న రొళ్ల నుంచి వచ్చి జామీను పడితే, నువ్వు రానంటావా? లోపల ఏముందయ్యా నీకు, సద్దిబువ్వా సంసారమా?" అని దారి పొడుగునా దులిపేసింది.

ఆ ఊళ్లోనే ఉన్న తన పిన్నమ్మ ఇంటికి తీసుకుపోయి తలకు పోసింది. సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టింది. తినగానే ఎల్లప్ప అరుగు మీద ఒరిగాడు. అంత పెద్ద అరుగు మీద గోడకు అతుక్కుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్న మొగుణ్ణి చూసి నాగమ్మకు విచిత్రమనిపించింది.

"ఇంత జాగా పెట్టుకొని ఆ మూలకు ముడుక్కుంటివేంది? కాళ్లు చాపుకో."

"చాపితే తిమ్మరాజు మొగానికి తగుల్తాయే," అన్నాడు మగతలో.

నాగమ్మ కోపం కాస్తా జారిపోయింది. మెల్లగా అతని కాళ్లు పట్టి తనే చాపింది. మర్నాడు జైలుకు పోవడానికి ముందర చెప్పులేసుకుంది ఆమే.

జడ్జి కారు దిగాడు. పక్కన పవిత్ర. జైలరు చేతులు కట్టుకుని, "కేసేసిన మనిషి వెళ్లిపోయాడు సార్. మిగతావాళ్లకు ఏ కష్టమూ లేదు," అన్నాడు.

"యాడికి పోతాడు సామీ? ఈడనే ఉండాడు చూడండి!" అంటూ నాగమ్మ మొగుణ్ణి ముందుకు తోసింది. పవిత్ర నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది.

జడ్జి ఎల్లప్పను వెంటబెట్టుకుని లోపలికి నడిచాడు. "నువ్వు పడుకునే చోటేది?"

ఎల్లప్ప చూపించిన చోట ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు.

"నువ్వెప్పుడొచ్చావు?" అని జడ్జి వాణ్ణి అడిగాడు.

"నిన్న సాయంత్రం సార్. ఈడ జాగా ఖాళీ అయిందని పెట్టినారు."

జైలరు పైకప్పు చూడసాగాడు. అంతటితో దాసప్పకు ధైర్యం వచ్చింది. "మేము పండుకునేది చూస్తారా సామీ?" అన్నాడు. జడ్జి తలూపగానే అందరూ ఒకరినానుకుని ఒకరు ఒరిగారు. "తిరగండప్పా!" అన్నాడు దాసప్ప. నలభై ఒళ్లూ ఒక్కపెట్టున తిరిగాయి. జడ్జి తలలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు.

దసరా లోపలే హైకోర్టు తీర్పొచ్చింది. చిన్న కేసులవాళ్లను జామీను లేకుండానే వదిలారు. దాసప్పతో సహా కొంతమందిని ధర్మవరం జైలుకు మార్చారు. ఎల్లప్ప సీసా కేసు రాజీ అయింది. సినిమా హాలుకు ఆ కొసన ఒక బండి, ఈ కొసన ఒక బండి.

విడుదలైనాక దాసప్ప ఒకనాడు సోడా బండి దగ్గరికొచ్చాడు.

"ధర్మవరంలో బాగుండెనా మామా?" అనడిగాడు ఎల్లప్ప.

"కాళ్లు చాపుకొని పండుకుంటి. అయితే నిద్రెట్లా పడుతుందప్పా, కేకేస్తే తిరిగేవాడు ఒక్కడూ లేకపాయె!"

నాగమ్మ పకపకా నవ్వి, ముసలాయనకు సోడా కొట్టిచ్చింది.