గాలికి అడ్డం పోయే పిల్ల

పల్లవి చేసే ఉద్యోగం ఏమిటో వడమాలపేటలో ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. సైకిల్ పందేల్లో తొక్కుతుందనీ, అందుకు ఒక జట్టు జీతం ఇస్తుందనీ అందరికీ తెలుసు. ఇన్నేళ్లుగా తొక్కుతున్నా ఒక్కసారి కూడా మొదట రాలేదెందుకన్నదే వాళ్ల సందేహం. అడిగినవాళ్లకు ఆమె నాయన మునికృష్ణ తనకు తెలిసిన రీతిలో చెప్పేవాడు.

"మా పాపది గెలిచే పని కాదప్పా. గాలికి అడ్డం పోయే పని. ఈ పాప ముందర గాలిని చీల్చుకుంటా పోతా ఉంటే, ఎనకాల ఇంకో పాప అలుపు లేకుండా వచ్చి, కడాకు ఉరికి గెలుస్తాది."

"ఆ గెలిచే పని మన పాపకే ఇయ్యమనొచ్చు గదా?"

"అది ఒకరు ఇచ్చేది కాదంట. కాళ్లలో ఉండాలంట."

ఆ వెనకాల వచ్చే పాప పేరు మహిత. పల్లవి కంటే బాగా చిన్నది. పందెం ముగిసే చోట గీసిన గీత కనిపించిందంటే ఆమె కాళ్లకు ఎక్కడలేని ఊపు వచ్చేది. అలా చివర్లో మెరుపులా దూసుకుపోయేవాళ్లను స్ప్రింటర్లంటారు. మహిత గెలిచిన ప్రతిసారీ ముందు పల్లవిని వెతుక్కుంటూ వచ్చి మెడ వాటేసుకునేది. పల్లవికి అది చాలు. చాలనే అనుకునేది.

ఆ ఏడు మామిడి పూత కాలంలో ఐదు రోజుల ఆడవాళ్ల పందెం ఈ ప్రాంతానికి వచ్చింది. మొదటి మూడు రోజుల్లో రెండు మహితే గెలిచింది. నాలుగో రోజు చిత్తూరులో బయలుదేరి, కార్వేటినగరం, పుత్తూరు, వడమాలపేట మీదుగా తిరుపతి చేరాలి. పొద్దున్నే జట్టు మేనేజరు హరినాథ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఎవురన్నా గుంపును తెంచుకోని ముందుకు పోతే పల్లవి వాళ్లతో పోవాల. మన మనిషి ముందర ఉంటే వాళ్లను తరుముకోని పోయే కష్టం మనది కాదు, వేరే జట్లది. పుత్తూరు దాటేలోపల పట్టుకుంటారు. ఆపైన మహిత సూసుకుంటాది."

చిత్తూరు దాటీ దాటకముందే ఒక చిన్న ఎత్తులో కోమలి అనే అమ్మాయి గుంపులోంచి బాణంలా దూసుకుపోయింది. ఆమెది తడ, మాటల్లో తమిళం కలిసే ఊరు. వేరే జట్టు. పల్లవి చెప్పినట్టే ఆమె వెంట పడింది. కాసేపటికి ఇద్దరూ వెనక్కి తిరిగి చూస్తే మరెవరూ రావడం లేదు.

"అయ్యయ్యో, మనిద్దరమేనా అక్కా?" అంది కోమలి. "సరి సరి. పోదాం వా! ఎంత దూరం పోతే అంత దూరం."

కోమలి నోరు ఊరుకునే రకం కాదు. వంతులవారీగా ఒకరు ముందు గాలిని కాస్తే ఇంకొకరు వెనక ఊపిరి తీసుకుంటున్నారు. తన వంతు అయిపోగానే కోమలి ఏదో ఒకటి చెప్పేది. తడలో తమిళం, తెలుగు కలిపి తిట్టే ట్రాఫిక్ కానిస్టేబుల్ గురించి, తనకు ఏ పాటా సగం కంటే ఎక్కువ రాకపోవడం గురించి. దారి పొడవునా తోటల్లోంచి పూత వాసన వస్తోంది. పల్లవికి చాలా రోజుల తర్వాత సైకిల్ తొక్కడం సరదాగా అనిపించింది. ముందున్నప్పుడు మెల్లిగా లాగమని హరినాథ్ చెప్పి పంపినా ఆమె తన వంతు పూర్తిగానే లాగింది. గాలి ఎంత బరువో తెలిసిన మనిషి, ఇంకొకరి వెనక ఊరికే దాక్కోలేకపోయింది.

వెనక గుంపులో మాత్రం చోద్యంగా ఉంది. 'రెండు గెలిచింది మహితే గదా, వాళ్ల జట్టే తరుముకోనీ' అని మిగతా జట్లు. 'మా పల్లవి ముందుంది, మాకేం పట్టింది' అని మహిత జట్టు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అందరూ షికారుకు వచ్చినట్టు తొక్కారు. తీరా పుత్తూరులో తేడా ఎంతని చూసుకుంటే ఇంకా మూడు నిమిషాలకు పైనే ఉంది! అప్పుడు మేలుకున్నారు. మిగతా జట్లలోంచి ఇద్దరేసి ముందుకు వచ్చి, తలలు వంచి, తొక్కడం మొదలుపెట్టారు.

వడమాలపేటలో రోడ్డు పక్కన ట్రాక్టరు ట్రక్కు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. పల్లవి గుంపులో ఎక్కడో వస్తుందనీ, జట్టు పసుపు చొక్కా చూసి గుర్తుపట్టాలనీ మునికృష్ణ వాళ్లకు నేర్పి ఉంచాడు. తీరా చూస్తే మొట్టమొదట వస్తున్నదే పసుపు చొక్కా.

"ఓరబ్బా, మన పల్లవే! ఫస్టు వస్తా ఉండాది!" అని ఎవరో అరిచి టపాకాయలకు నిప్పు పెట్టారు. పందెం అయిపోయిందేమో అనుకుని ఒకాయన పూలదండతో రోడ్డు మీదకు రాబోతే, మునికృష్ణ ఆయన్ను పట్టి వెనక్కి లాగాడు.

"ఈడ నిలబడొద్దు పాపా! పో! పో!" అని గొంతు చించుకున్నాడు.

తల్లి నిర్మలమ్మ కొంగు బొడ్లో దోపుకుని నాలుగడుగులు సైకిల్ వెంట పరుగెత్తింది. "ఏమన్నా తినినావామే?"

"తినినాను మా!" అని నవ్వుతూనే దాటిపోయింది పల్లవి.

ఊరు దాటి, టపాకాయల మోత వినపడకుండా పోయాక, చెవిలో హరినాథ్ గొంతు వచ్చింది. జట్టులో ప్రతి ఒక్కరి చెవిలోనూ చిన్న రేడియో ఉంటుంది. అందరి మాటా అందరికీ వినపడుతుంది.

"పల్లవీ, ఇంక నిమిషం పైన కొంచెమే తేడా ఉండాది. నిన్ను పట్టేస్తారు. లాగేది ఆపేసి ఆ పాప ఎనకాలే ఉండి బలం దాచుకో. మహితకు దారి సిద్ధం చేద్దాం."

పల్లవి ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. వంతు వచ్చినా ముందుకు రాలేదు. కోమలి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. విషయం అర్థమైనట్టుంది. కోపగించలేదు, తల వంచుకుని తానొక్కతే లాగడం మొదలుపెట్టింది. అంతసేపూ మాట్లాడిన పిల్ల ఒక్కసారిగా నోరు మూసుకోవడం పల్లవికి దెబ్బలా తగిలింది.

అంతలో రేడియోలో మహిత గొంతు.

"అన్నా, ఒక మాట. ఈరోజు నా కాళ్లు నావి కాదు. పుత్తూరు కాడినుంచి ఈడ్చుకోని వస్తా ఉండాను. నన్ను నమ్ముకుంటే మనకు ఏమీ రాదు. అక్కను పోనీ."

"ఆ మాట ముందే చెప్పొద్దా తల్లీ!"

"ఇప్పుడు చెప్పినాను గదన్నా."

హరినాథ్ లెక్క మార్చేశాడు. "సరే. పల్లవీ, పో. ఎనక్కి సూడొద్దు. పో!"

పల్లవి కోమలిని దాటి ముందుకొచ్చింది. "ఏమక్కా, తిరిగొచ్చినావా?" అంది కోమలి, మొహం విప్పార్చుకుని. "గీత కనబడేదాకా కలిసే పోదాం. ఆడికి పోయినాక ఎవురికి వాళ్లే."

"సరే."

కొండ దగ్గరపడింది. తిరుపతిలోకి మలుపు తిరిగితే అక్కడ ఒకదాని వెంట ఒకటి మూడు వంపులు. ఇద్దరు మనుషులు వంగి ఇట్టే జారిపోయారు. వందమంది గుంపు మాత్రం ఒక్కొక్కరుగా సాగదీసుకుపోయి, మళ్లీ ఊపు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ కాస్త ఆలస్యమే వీళ్లకు ఊపిరి. యూనివర్సిటీ ముందున్న తిన్నటి రోడ్డులోకి వచ్చేసరికి వెనక రేకుల మీద వాన పడుతున్నట్టు చక్రాల చప్పుడు వినిపించింది.

గీత కనపడగానే కోమలి లేచి నిలబడి తొక్కింది. పల్లవి ఆమె చక్రం వెనకే ఉండి, ఉండి, ఇక ఆగలేనన్నప్పుడు పక్కకు వచ్చింది. తొడలు మండుతున్నాయి. కళ్ల ముందు ఏమీ లేదు, రోడ్డు మీద ఒక తెల్లగీత తప్ప. ఎడమ పక్క ఎవరిదో ముందు చక్రం పైపైకి వస్తోంది. పల్లవి సైకిల్‌ను రెండు చేతులతో ముందుకు తోసింది.

గీత దాటిందో లేదో ఆమెకు తెలియలేదు. చేతులెత్తాలన్న సంగతీ గుర్తు రాలేదు. అలాగే తొక్కుకుంటూ పోతుంటే చివరికి ఒక పోలీసాయన రెండు చేతులూ చాచి ఆపాడు. "గెలిచినావు గదమ్మా, ఇంకా యాడికి?"

అర చక్రం తేడాతో గెలిచింది. రెండో స్థానం మహితది, మూడో స్థానం కోమలిది.

మహిత వచ్చి మెడ వాటేసుకుంటే పల్లవి ఆమెను భుజాలు పట్టి దూరంగా నిలబెట్టి చూసింది. గుంపులోని స్ప్రింటర్లందరినీ వెనక్కి నెట్టి వచ్చిన కాళ్లు అవి.

"కాళ్లు లేవంటివే?"

"ఆ మాటొకటి అబద్ధం అక్కా," అంది మహిత రొప్పుతూ. "కానీ కడాకు మాత్రం నిజంగానే తొక్కినాను. నీ మీద ఒట్టు. ఇంకో పది గజాలుంటే నిన్ను పట్టేసేదాన్ని."

పక్కనే ఉన్న హరినాథ్ ఆ మాట విన్నాడు. కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు గానీ నవ్వు ముందు వచ్చేసింది. కోమలి నేల మీద వెల్లకిలా పడుకుని, "నాకు మూడోది సాలు. నా జన్మలో మూడోది రాలేదు," అంటూ ఏడుస్తూ నవ్వుతోంది.

పందెం కోసం రోడ్లు మూసేయడంతో మునికృష్ణ, నిర్మలమ్మ ఆటో దిగి చాలా దూరం నడిచి వచ్చారు. వాళ్లు చేరేసరికి బహుమతులు ఇచ్చేయడం కూడా అయిపోయింది. మునికృష్ణ కూతురి మెడలోని పతకాన్ని చేత్తో పట్టుకుని చూశాడు. పక్కనున్న సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. మెకానిక్ కుర్రవాడు తీసుకుపోవడానికి వస్తే, "ఉండప్పా, నేను తెస్తాను," అని, జట్టు వ్యాను దాకా దాన్ని తానే నెమ్మదిగా నడిపించుకుంటూ పోయాడు. దారిలో ఎవరు తగిలినా ఆగి, బెల్లు లేని ఆ సైకిల్‌ను వాళ్లకు చూపించాడు.