కళ్ళజోడు దెబ్బ

మా తమ్ముడు పోయాక వాడి డ్రమ్ముల మీద దుప్పటి కప్పింది నేనే. దుమ్ము పడుతుందని కాదు, ఆ ఖాళీ స్టూలు చూడటం నా వల్ల కాలేదు. అయినా దుప్పటి కప్పితే ఊరుకునే రకమా వాడు? చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన మాట విన్న పాపాన పోలేదు.

మా బృందం పేరు 'తడి గోడలు'. తమ్ముడి లాండ్రీ వెనక గదిలో సాధన చేసేవాళ్ళం. ముందు గదిలో ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు. ఆ ఆవిరంతా వెనక్కి వచ్చి గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి, సున్నం పొక్కులు లేచి డ్రమ్ముల మీద రాలేది. గిటారు వాయించేది లెక్కల మాస్టారు. బళ్ళో పిల్లల్ని అదిలించే గొంతుతోనే మమ్మల్నీ అదిలిస్తారు. నాకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు నేను 'అమ్మాయ్'నే. బేస్ గిటారు ఒక ఎలక్ట్రీషియన్‌ది, అతన్ని అందరం 'కరెంటు' అంటాం. డ్రమ్ములు తమ్ముడు. పాట నేను. వయసులో ఉండగా మొదలుపెట్టాం, మోకాళ్ళు మొరాయించినా మానలేదు.

మేం పాడేవి సొంత పాటలు. అదే మా జబ్బు. దగ్గర చుట్టాలు కూడా, "అవన్నీ ఎందుకులే, అందరికీ తెలిసింది ఒకటి పాడండి" అనేవారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. "తెలిసింది పాడితే వాళ్ళకి పాట తెలుస్తుంది, మనం తెలియం" అనేవాడు తమ్ముడు. వాడు మాట్లాడటమే తక్కువ. ఇలాంటిది ఒకటి విసిరేసి మళ్ళీ దుప్పట్లు మడత పెట్టుకునేవాడు.

జనం అడిగి మరీ పాడించుకున్న పాట మాకు ఒక్కటే ఉంది, 'ఆరని చొక్కా'. రాసింది తమ్ముడే. అందులో ప్రతి చరణం చివరి పాదం పొడుగ్గా సాగుతుంది. దాన్ని గొంతెత్తి చివరిదాకా లాగి, ఊపిరి తిప్పుకోకుండా పల్లవి అందుకోవాలి. కానీ మేం వెంటనే అందుకునేవాళ్ళం కాదు. సరిగ్గా అక్కడ తమ్ముడి కళ్ళజోడు జారేది. చేతిలో స్టిక్ ఉంది కదా, దాని వెనక కొసతోనే పైకి తోసుకునేవాడు. స్టిక్ ఫ్రేముకి తగిలి 'టిక్' మనేది. ఆ తర్వాతే పల్లవికి దెబ్బ పడేది. ఒక దెబ్బ పట్టేంత ఖాళీ అది. దానికి మేం పెట్టుకున్న పేరు కళ్ళజోడు దెబ్బ.

నాకు నిమ్ము చేసి, మంచాన పడి లేచిన ఏడాది మొదలైంది ఈ జారుడు. అంతకుముందు ఆ పాట సాఫీగానే నడిచేది. అడిగితే, "ఆవిరికి జారుతోంది" అన్నాడు. మాస్టారు మండిపడ్డారు. "నాలుగు నాలుగులు పదహారయ్యా. నీ లెక్కలో పదిహేడు ఎలా వచ్చింది?" అనేవారు. కరెంటు ఒక తాడు కొనుక్కొచ్చి కళ్ళజోడుకు కట్టుకోమన్నాడు. నేనైతే వాడి ముక్కు మీద వేయని జోకు లేదు. "అమ్మ వీడికి ముక్కు పెట్టడం మరిచిపోయి, తర్వాత గుర్తొచ్చి అతికించింది" అని మైకులోనే చెప్పేదాన్ని. జనం నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూ మాకు అది అలవాటైపోయింది. చీకట్లో సొంత ఇంటి మెట్లు దిగినట్టు, ఎవరూ చెప్పకుండానే అందరం అక్కడ ఆగేవాళ్ళం.

పోయిన వానాకాలం లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ కూలిపోయాడు. గుండె. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది. బల్ల మీద ఎవరిదో తెల్ల చొక్కా, దాని మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో మాడిన మచ్చ. వాడు జన్మలో మాడ్చిన చొక్కా అదొక్కటే.

కొన్నాళ్ళకు మాస్టారు, కరెంటు కలిసి వచ్చారు. "ఊరికే కూర్చుందాం అక్కా, ఏమీ వద్దు, ఊరికే" అన్నాడు కరెంటు. డ్రమ్ములు లేకుండానే 'ఆరని చొక్కా' ఎత్తుకున్నాం. మొదటి చరణం చివరికి వచ్చాం. ముగ్గురమూ ఒక్కసారే ఆగాం. ఆ ఖాళీలో, దుప్పటి కప్పిన మూల నుంచి, 'టిక్' అని వినిపించింది.

పాట ఆగిపోయింది. మాస్టారు తీగలు బిగిస్తున్నట్టు తల వంచుకున్నారు. కరెంటు లేచి గోడ మీది స్విచ్చులన్నీ చూసి వచ్చి, "ఏదో లూజు కనెక్షన్" అన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేనొక్కదాన్నే మధ్యాహ్నాలు ఆ గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. తలుపు వేసుకుని, సన్నగా పాడుకుంటూ చరణం చివరికి వచ్చి ఆగేదాన్ని. ప్రతిసారీ వినిపించేది. లేచి పారిపోదామనిపించేది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని. ఇంట్లో గ్లాసుకి చెంచా తగిలినా గుండె ఆగినంత పనయ్యేది. పిచ్చి పడుతోందేమో అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ చప్పుడు వినిపిస్తుందని కాదు నా భయం. ఒకరోజు వినిపించకపోతే వాడు పూర్తిగా పోయినట్టే కదా, అదీ నా భయం.

దుప్పటి తీసింది మా మేనకోడలు, తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. పళ్ళ డాక్టరు. నోట్లో వేలు పెడితే కొరకలేని రకం కాదు, తనే అందరి నోళ్ళలో వేళ్ళు పెట్టి కదిలేది కదలనిది తేల్చేస్తుంది. డ్రమ్ములు తండ్రి దగ్గరే నేర్చుకుంది. "నాన్న పేరు మీద ఒక్క కచేరీ చేద్దాం అత్తా" అని తనే చిన్న హాలు మాట్లాడింది. చెవిలో టక్ టక్ మని లెక్క వినిపించే క్లిక్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

మొదటిసారి వాయించినప్పుడే రసాభాస అయింది. చరణం చివర మేం ముగ్గురం ఆగాం, అది ఆగలేదు. పల్లవిలోకి అది ఒక్కతే వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చూసినట్టు చూసింది.

"ఎందుకాగారు?"

"అక్కడ కళ్ళజోడు దెబ్బ ఉంటుందమ్మా" అన్నాడు కరెంటు.

"నాకు కళ్ళజోడు లేదు కదా బాబాయ్."

అది స్టిక్కులు ఒళ్ళో పెట్టుకుంది. "అయినా నాన్న కళ్ళజోడు జారడం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు అత్తా. ముక్కు మీద అచ్చు పడేంత బిగుతుగా ఉండేది" అంది.

"ఇంట్లో ఆవిరి ఉండదు కదే" అన్నాను.

"మీరు కచేరీ చేసే ఏసీ హాల్లో ఉంటుందా?"

"పెద్దవాళ్ళతో వాదించకు" అన్నాను. జవాబు లేనప్పుడు మా ఇంట్లో అందరూ చెప్పే జవాబు అది.

నాలుగు రోజులు అలాగే నడిచింది. ఈసారి ఆగం అని దానికి ఎంత చెప్పినా మా చేతులు ఆగేవి, మా చూపులు దాని భుజం మీదుగా వెనక్కి పోయేవి. చివరికి అది స్టిక్కులు కింద పెట్టేసింది. దాని కళ్ళలో నీళ్ళున్నాయి.

"మీరు ముగ్గురూ అక్కడికి వచ్చేసరికి నా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తున్నారు. నా వెనక గోడ తప్ప ఏం లేదు. నాకు ఇంట్లో నిద్ర పట్టట్లేదు అత్తా. నాన్న స్టూలు మీద కూర్చోవడమే కష్టంగా ఉంది. ఆ ఖాళీ ఉంటే మాత్రం నేను వాయించలేను."

మాస్టారు నావైపు చూశారు. "నువ్వెలా అంటే అలా అమ్మాయ్" అన్నారు.

పోయినవాడి కోసం ఉన్న పిల్లను ఏడిపిస్తానా? "సరే, తీసేద్దాం" అన్నాను. ఆ రెండు ముక్కలు అంటుంటే నా చేతులతో నేనే వాణ్ణి ఇంకోసారి సాగనంపుతున్నట్టు అనిపించింది.

తీసేశాం. మాస్టారి లెక్క సరిపోయింది, పదహారుకు పదహారు. సాధనలో నేను గొంతు దాచుకుంటాను, పెదవుల చివర సన్నగా పాడేస్తాను, కచేరీకే అసలు గొంతు. అది నా పాత అలవాటు. కాబట్టి పాటకు ఏ ఇబ్బందీ రాలేదు. చరణం చివర్నుంచి పల్లవిలోకి జారిపోయేవాళ్ళం. 'టిక్' ఇంక రాలేదు. ఒక మధ్యాహ్నం ఒంటరిగా వెళ్ళి పాడి, ఆగి చూశాను. అప్పుడూ రాలేదు. తడి గోడలు, పాత డ్రమ్ములు, నేను, అంతే. ముందు గదిలోకి వచ్చి ఉతికే యంత్రానికి ఆనుకుని ఏడ్చాను. యంత్రం తిరుగుతోంది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

కచేరీ రోజు సాయంత్రం హాలు నిండింది. తమ్ముడి దగ్గర బట్టలు వేసేవాళ్ళు, మాస్టారి పాత శిష్యులు, ఎప్పుడో మా పాటలు విని మరిచిపోని వాళ్ళు నలుగురైదుగురు. చివర్లో ఎవరో అరిచారు, "ఆరని చొక్కా" అని. ఎత్తుకున్నాం. వాడు లేకుండా ఈ పాటను నిండు గొంతుతో పాడటం అదే మొదలు. మొదటి చరణం నడిచింది. చివరి పాదం గొంతెత్తి లాగాను, చివరిదాకా లాగాను. మేనకోడలి దెబ్బ లెక్క ప్రకారం టంచనుగా పడింది. పల్లవికి నోరు తెరిచాను.

ఊపిరి లేదు.

నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. ఛాతీ లోపల ఎవరో మూత బిగించినట్టు పట్టేసింది. పల్లవి మొదటి మాట నేను లేకుండానే వెళ్ళిపోయింది. మాస్టారు గిటారు గట్టిగా వాయించి కప్పిపుచ్చారు. మూడో మాట దగ్గర ఎలాగో అందుకున్నాను, గొంతు చీరుకుపోయింది.

అప్పుడు తెలిసింది. పాడుతూనే ఉన్నాను, పాడుతూనే నాకు అర్థమవుతోంది. నిమ్ము చేసిన తర్వాత నా ఊపిరి మునుపటిలా లేదు. ఆ సంగతి నాకే తెలియలేదు, ఎందుకంటే తెలిసే అవసరం రాలేదు. నేను ముందు నిలబడేదాన్ని, వాడు వెనక కూర్చునేవాడు. వాడికి కనిపించేది నా వీపు ఒక్కటే. ఊపిరి అందక నా భుజాలు ఎగరడం వాడే చూసి ఉంటాడు. అక్కకు ఊపిరి చాలడం లేదు అంటే నేను పాడటం మానేస్తానని వాడికి తెలుసు. అందుకని తన కళ్ళజోడు జారుతోందన్నాడు. అంతమంది నవ్వితే నవ్వాడు. మైకులో నేను నవ్విస్తే మరీ నవ్వాడు. ఇన్నేళ్ళూ వాడి తప్పని మేం ఆగిన చోట నేను ఊపిరి పీల్చుకున్నాను.

రెండో చరణం వచ్చేసింది. చివరి పాదం ఇక రానే వస్తుంది, నాకు మళ్ళీ చాలదు. కచేరీలో ఎప్పుడూ చేయనిది, పాడుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. మేనకోడలు నన్నే చూస్తోంది. చెవిలోని క్లిక్ పీకేసి మెడ మీద వదిలేసింది. నేను ముందుకు తిరిగి చివరి పాదం ఎత్తుకున్నాను, లాగాను, వదిలేశాను.

హాలంతా నిశ్శబ్దం. దెబ్బ పడలేదు.

'టిక్.'

ఊపిరి కడుపు నిండా తీసుకున్నాను. అప్పుడు పడింది దెబ్బ. పల్లవి ఇరవయ్యేళ్ళ పిల్లలా పాడాను.

కచేరీ అయ్యాక స్టేజీ వెనక గదిలో అందరం కూలబడ్డాం. మేనకోడలి తల నిమిరాను. "నన్ను నిలబెట్టావే. ఆ టిక్ దేని మీద కొట్టావు, డ్రమ్ము అంచు మీదా?" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "నేను కొట్టలేదు అత్తా. నీ భుజాలు ఎగురుతుంటే చూసి చేతులు ఆపాను, అంతే. అది నువ్వు నాలుకతో చేశావనుకున్నాను."

మాస్టారు గిటారు మీదికి తల వంచుకున్నారు. కరెంటు స్విచ్చులు చూసి వద్దామని లేచాడు.

"కూర్చో. ఏ లూజూ లేదు" అన్నాను.

కూర్చున్నాడు. మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నాన్నేనా? ఏం చెప్పడానికి అత్తా?" అంది, వినీ వినపడకుండా.

"ఊపిరి తీసుకోమంటున్నాడే" అన్నాను. "ఇన్నేళ్ళుగా వాడు అదొక్కటే అంటున్నాడు."