అంకె లేని సగం

"ఈ షీటు మీద బ్యాచ్ నంబరేదమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

నా చేతిలో ఉన్నది గోలీల షీటులో సగం ముక్క. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒకవైపు మందు పేరు సగానికి తెగిపోయి ఉంది. రెండోవైపు కొన్ని ఖాళీ బుడిపెలు, కొన్ని నిండువి. నంబరు ఎక్కడా లేదు.

ఆసుపత్రి మంచం మీద నా కోడలు దీప పడుకుని ఉంది. ఐదో నెల. పొద్దున స్టవ్ దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెనక్కి పడిపోయింది. ఫిట్స్ ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. ఈ గోలీలు మొదలుపెట్టాక మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆమె మానింది కూడా లేదు. రోజూ నా ముందే మింగుతుంది.

డాక్టర్ శ్రీలత ఓపికగా చెప్పింది. "చూడమ్మా, ఇది మంచి గోలీ అయ్యుండి, వేసుకున్నా ఫిట్స్ వచ్చిందంటే ఈ ఒక్క మందు చాలుతలేదని అర్థం. ఇంకోటి కలపాలె. కడుపుల బిడ్డ ఉన్నప్పుడు రెండు మందులు ఇయ్యాలని నాకైతే లేదు. అదే ఈ గోలీ దొంగదైతే, ఆమెకు అసలు మందే అందలేదన్నట్టు. అప్పుడు పాతదే అసలుది ఇస్తే సరిపోతది. ఈ మందుల నకిలీ మాల్ ఒకటి తిరుగుతాందని మాకు మెసేజ్ వచ్చింది."

"రక్తం పరీక్షల తెల్వదా?"

"హైదరాబాద్ పంపాలె. వచ్చేసరికి రెండు మూడు రోజులు. అన్ని రోజులు ఆమెను గాలికి వదిలిపెట్టలేను. సాయంత్రం దాక ఆగుత. నంబరున్న ముక్క దొరికితే తీసుకరా."

మెసేజ్‌లో ఉన్న నకిలీ నంబరును ఆమె తన ఫోన్ నుంచి నా ఫోన్‌కు పంపింది.

ఆ గది నుంచి బయటపడ్డప్పుడు నా మనసులో ఒకటే కోరిక. ఆ గోలీలు దొంగవి కావాలి. లోకంలో ఎవరైనా ఇలా మొక్కుకుంటారా అని నాకే అనిపించింది. అయినా ఆటోలో మట్టెవాడ చేరేదాకా అదే మొక్కుకున్నాను.

మట్టెవాడలో ఓంప్రకాశ్ మందుల దుకాణం ఉంది. మేముండేది ఖిలా వరంగల్‌లో. మా గల్లీలోనే మెడికల్ షాపులున్నా దీప గోలీలకు నేను ఇంత దూరం వస్తాను. ఇక్కడైతే ఏం జబ్బని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు.

ఓంప్రకాశ్ నా ముక్కను చూసి తల గోక్కున్నాడు. "నంబరున్న కొసను ఆఖరుకు ఉంచుతమక్కా. అది రూలు. నంబరు, తారీఖు, ఫోన్‌తోని చూసే కోడు, అన్నీ గా కొసకే ఉంటయి. ఈ కొసకెళ్ళి కోసుకుంట పోతం."

"అంటే ఆఖరుకు కొన్నోనికే నంబరు దొరుకుతది. ముందుగాల కొన్నోళ్ళు ఏం గావాలె?"

"ఇన్నేండ్ల సంది ఎవ్వరడగలే."

"ఆ షీట్లొచ్చిన డబ్బా ఉన్నదా?"

"చెత్తబండిల పోయింది. గదే ఆఖరు షీటక్కా. మీ ఇద్దరికీ ఆగమైతదని సగం సగం చేసిన. మా డీలర్ దగ్గర మాల్ లేకుండె. వేరేటాయన తెచ్చిచ్చిండు." ఈ చివరి మాట అన్నప్పుడు అతను నావైపు చూడలేదు. గల్లాపెట్టె మీది దుమ్మును వేలితో తుడుస్తున్నాడు.

"రెండో సగం ఎవలికిచ్చినవ్?"

చెప్పడానికి కొంచెం తటపటాయించాడు. "వర్ధన్నపేట మొగిలయ్య. ట్రాక్టర్ నడుపుతడు. గంత దూరంకెళ్ళి నా దగ్గరికొచ్చేదే ఊళ్ళె తెల్వొద్దని. నా పేరు తియ్యకక్కా."

మొగిలయ్యకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. నేను అప్పటికే దుకాణం మెట్లు దిగాను.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. చదవడం ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కనిపించిన బోర్డల్లా చదవడం ఒక అలవాటు. ఆరోజు ఎన్ని బోర్డులు చదివినా ఒక్కటీ తలకెక్కలేదు. మామునూరు దాటాక బస్సు గొర్రెల మందకు ఆగితే లేచి ముందుకు పోయి అద్దంలోంచి చూశాను.

"పెద్దమ్మా, నువ్వు నిలవడితె గొర్లు జల్ది పోతయా?" అంది కండక్టర్. "కూసో జర. డ్రైవరన్నకు భయమైతాంది."

బస్సులో వాళ్ళు నవ్వారు. నేను కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

దీప ఫోన్ చేసింది. "అత్తమ్మా, ఏడున్నవ్?"

"బస్సుల. వర్ధన్నపేట పోతాన."

"గాడేమున్నది? నర్సు కొత్త గోలీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. డాక్టరమ్మ చెప్పంగనే వేసుకోవాలెనట."

"చెప్పలేదు గదా. ఆగు."

"ఆగుతాన. చూస్తుంటె మాత్రం మనసున పడ్తలేదు. బిడ్డ లోపట కదులుతాంది అత్తమ్మా, దానికి గూడ తెలిసినట్టే ఉన్నది."

"దానికేం తెల్వది. నువ్వు గోడ దిక్కు తిరిగి పండుకో." గట్టిగా అన్నాను. ఫోన్ పెట్టాక మళ్ళీ లేచి నిలబడ్డాను.

వర్ధన్నపేటలో దిగి, ట్రాక్టర్ మొగిలయ్య ఎక్కడ అని హోటల్ దగ్గర అడిగితే చెరుకు రసం బండివాడు పొలాల వైపు చూపించాడు. గట్ల మీద నడుస్తూ పోయాను. నీళ్ళు పెట్టిన మడిలో ఇనుప చక్రాల ట్రాక్టర్ బురద తొక్కుతోంది. ఆ మడికి, పక్క మడికి మధ్య సన్నని గట్టు. గట్టు అవతల ఆడవాళ్ళు వంగి నాటు వేస్తున్నారు. పొలం ఆసామి మధు, పడుచువాడు, గొడుగు పట్టుకుని గట్టు మీద ఉన్నాడు.

నేను చెయ్యి ఊపాను. ట్రాక్టర్ ఆగింది. నడుపుతున్నతను దిగి వచ్చాడు. నలభై దాటినవాడు, మోకాళ్ళ దాకా బురద.

"మొగిలయ్య నువ్వేనా తమ్మీ? మట్టెవాడల మెడికల్ దుకాణం కాడ..."

అతని ముఖం మారిపోయింది. "నాకు మట్టెవాడల ఏం పని? నాకేం రోగమున్నదని? ఎవల్నో అనుకొని వచ్చినవ్."

"ఏందే మొగిలీ, ఎవరు?" అని మధు కేక వేశాడు. "ఏం దుకాణం పెద్దమ్మా?"

నాటు వేసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూస్తున్నారు. ఇన్ని చెవుల మధ్య ఆ మాట ఎలా అనాలి? నా కోడలి గురించి మా గల్లీలో ఎవరైనా ఇలా కేక వేసి అడిగితే నాకెలా ఉండేది?

"మోకాళ్ళ నొప్పుల గోలీలు బిడ్డా," అన్నాను. "దుకాణపాయన ఒక్క షీటునే నాకింత, ఈ తమ్మునికింత కోసిచ్చిండు. జర చూసుకుందామని వచ్చిన."

"మొగిలన్నకు మోకాళ్ళ నొప్పులా!" అంది వాళ్ళలో పెద్దామె. "అందుకేనా సాల్లు గట్ల వంకరపోతానయ్!"

"నీ నాటు సక్కగున్నదా సోమక్కా, ముందుగాల గది చూసుకో," అన్నాడు మొగిలయ్య. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మాటున అతను నన్ను ట్రాక్టర్ వెనక్కి తీసుకుపోయాడు.

పానల పెట్టె తెరిచి, అడుగున గుడ్డలో చుట్టిన ముక్కను తీశాడు. నా ముక్కను దానికి ఆనించాను. కత్తెర ఏటవాలుగా పోయినచోట రెండూ అతుక్కున్నాయి. తెగిన పేరు ఒకటైంది. అతని ముక్క కొసన నంబరు ఉంది. దాని పక్కనే చిన్న చదరపు కోడు.

ఫోన్ తీసి డాక్టరమ్మ పంపిన నంబరుతో పోల్చాను. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను.

"అదేనా?" అన్నాడు మొగిలయ్య. విషయమంతా గబగబా అప్పటికే చెప్పాను.

"కాదు. వేరేది."

"బతికిన!" అని గట్టిగా ఊపిరి వదిలాడు. ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అతనిది మంచి మందైతే నా దీపదీ మంచి మందే. టేబుల్ మీది ఆ రెండో గోలీ నా కోడలి కడుపులోకి పోతుంది.

అంతటితో వెనక్కి పోబుద్ధి కాలేదు. ఆ కోడు ఒకటి మిగిలింది కదా. దాన్ని ఫొటో తీసి ఓంప్రకాశ్‌కు పంపాను. అది పోదు. సిగ్నల్ లేదు. గట్టెక్కాను, దిగాను, చెయ్యి పైకెత్తి తిరిగాను. "పెద్దమ్మ కొంగలను కొడుతాంది," అని ఎవరో అన్నారు. చివరికి పోయింది.

ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. "అక్కా, షీటు మీద అచ్చేసిన నంబరు, తారీఖు చదువు."

చదివాను.

"కోడ్ల వేరే నంబరొస్తాంది. తారీఖు గూడ వేరే. కోడ్ల ఉన్న మాల్ తారీఖు ఎప్పుడో దాటిపోయింది."

"అంటే ఏందిరా? సక్కగ చెప్పు."

"కోడ్ల ఏమున్నదో షీటు మీద గదే ఉండాలక్కా. ఎక్కడిదో పాత అసలు షీటు కోడును ఎత్తి దీని మీద గుద్దిండ్రు. నంబరు సొంతంగ వేసుకున్నరు. ఇది దొంగదే." అతని గొంతు సన్నబడింది. "నాకు తెల్వదక్కా. నా పిల్లల మీద ఒట్టు."

నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. "దొంగదే తమ్మీ! దొంగదే!"

మొగిలయ్య నా ముఖం వైపే చూస్తున్నాడు. "నవ్వుతానవేందక్కా?"

అప్పుడు సిగ్గేసింది. అతనూ అవే మింగుతున్నాడు.

డాక్టరమ్మకు చెప్పాను. ఆ ముక్కను పోనివ్వకండి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి, దీపకు పాతదే అసలుది ఇస్తాను, రెండో మందు ఇవ్వను అంది. ఆ మాట నేను ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత ఆమె అడిగింది, "ఆయన ఏం పని చేస్తడు? ట్రాక్టరా? వెంటనే దింపుండ్రి. ఇయ్యాల్నే నా దగ్గరికి తీసుకరాండ్రి."

ఆ మాట మొగిలయ్యకు చెప్పాను.

"మొన్న సాలు తిప్పుతుంటె జరసేపు ఏం యాది లేకుండె," అన్నాడు మెల్లగా. "ఎండదెబ్బ అనుకున్న." అయినా కదలలేదు. షీటు ముక్కను నా చేతిలో పెట్టాడు. "ఇది తీస్కపో అక్కా. నీ పని అయింది గదా. నేను ఈ మడి అయినంక వస్త. నడిమిట్ల దిగితే మధు ఊకుంటడా? ఎందుకంటడు. ఏం చెప్పాలె? ఫిట్స్ ఉన్నోనికి ట్రాక్టర్ ఎవలిస్తరు?"

అతను ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ మోగింది.

నా పని నిజంగానే అయింది. ముక్క నా కొంగుముడిలో ఉంది. దీప మంచం దగ్గరికి ఎంత త్వరగా పోతే అంత మంచిది. గట్టు మీద గబగబా నడిచాను. రోడ్డు మీద వరంగల్ బస్సు వస్తూ కనిపించింది కూడా. అప్పుడు వెనక్కి చూశాను. ట్రాక్టర్ గట్టు దాకా వస్తోంది, అంచున తిరుగుతోంది, మళ్ళీ పోతోంది. గట్టు అవతల ఆడవాళ్ళు దానికి వీపులు పెట్టి వంగి ఉన్నారు. జరసేపు యాది లేకుంటే ఆ గట్టు దాన్ని ఆపదు.

జరగమని వాళ్ళకు చెబుదామంటే ఎందుకని అడుగుతారు. చెప్పకుండా పోదామంటే కాళ్ళు రావడం లేదు. బస్సు పోయింది.

తిరిగి వచ్చి చెప్పులు గట్టు మీద వదిలి నాటు మడిలోకి దిగాను. వాళ్ళ వెనక, ట్రాక్టర్ తిరిగే చోటుకు ఎదురుగా నిలబడ్డాను. చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తేలాయి.

"ఏంది పెద్దమ్మా, నాటేస్తవా?" అంది సోమక్క. "కూలి మాత్రం మాతోని సమానంగ ఇయ్యరు మరి!"

"ఊరికెనే," అన్నాను.

ట్రాక్టర్ అటు చివర తిరిగి మావైపు వచ్చింది. మొగిలయ్య నన్ను చూశాడు. జరుగు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను జరగలేదు. హారన్ కొట్టాడు. ఆడవాళ్ళు నడుములు ఎత్తారు. అతని కళ్ళ నుంచి నా కళ్ళు తీయలేదు. ఇనుప చక్రాలు బురద ఎగజిమ్ముతూ దగ్గరికి వచ్చాయి. గట్టుకు చాలా అవతలే అతను ఇంజన్ ఆపాడు.

"ఏం లొల్లి?" అని మధు గొడుగు మూసి పరుగెత్తుకొచ్చాడు.

నేను నోరు తెరవలేదు. అది నేను చెప్పే మాట కాదు.

మొగిలయ్య స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు బురదలోకి చూశాడు. "మధూ, నాకు ఫిట్స్ ఉన్నయే," అన్నాడు. "గోలీలు దొంగవొచ్చినయట. నేను దిగుతాన."

మధు నోరు తెరిచి మూశాడు. సోమక్క చేతిలోని నారు కట్టను నీళ్ళలోకి వేసింది.

"ఇన్నొద్దుల సంది మా వెనుకనే తిప్పినవ్ కొడుకా," అంది. కోపమో భయమో ఆమె గొంతులో నాకు తెలియలేదు. తర్వాత, "ముందుగాల దిగు. చూసి దిగు, జారుతది," అంది.

తర్వాత వచ్చిన బస్సులో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అతని కాళ్ళ మీద బురద ఎండి పెచ్చులవుతోంది. మధు పనిలోంచి తీస్తాననలేదు, ఉంచుకుంటాననీ అనలేదు. తాళం చెవి మాత్రం చెయ్యి చాపి తీసుకున్నాడు.

"అక్కా, అసలు గోలీలు వేసుకుంటె మల్ల నడపనిస్తరా?"

"డాక్టరమ్మను అడుగుదాం."

"నీ కోడలుకు అసలువి వేసుకుంటె మల్ల రాలే గదా?"

"రాలే."

"ఎన్నేండ్లు?"

చెప్పాను. మళ్ళీ అదే అడిగాడు. నేను మళ్ళీ చెప్పాను. కొంగుముడిని తడిమి చూసుకున్నాను. సాయంత్రం కావస్తోంది, బస్సు ప్రతి స్టాపులోనూ ఆగుతోంది.