చక్రాన్ని వాల్చిన తూకం గుండు

నేను ఒక ఇత్తడి తూకం గుండుని. దారానికి వేలాడదీస్తే నేరుగా పాతాళం కేసి చూస్తాను. బెజవాడలో నా మాట వినకుండా లేచిన గోడ లేదు. ఒకసారి కొండపల్లి కొండ పక్కన నన్ను దించితే, కొండే సిగ్గుపడి కాస్త సర్దుకుని నిలబడింది. నమ్మకపోతే వెళ్లి కొండనే అడగండి.

ముప్పై ఏళ్లు ఏడుకొండలు మేస్త్రి చేతిలో పనిచేశాను. ఆయన నడుము పట్టేశాక, ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే అల్లుడు నాంచారయ్య షెడ్డుకి చేరాను. స్పానర్లు నన్ను చూసి ముసలాడొచ్చాడని నవ్వుకున్నాయి. నవ్వనీ అనుకున్నాను.

నాంచారయ్య కూతురు మల్లీశ్వరి రేసు కారు నడుపుతుంది. ఆ ఆదివారం ట్రాక్ మీద ఒక్క చుట్టు ఎనభై సెకన్లలోపు తిరిగితేనే సాయంత్రం పోటీలోకి రానిస్తారు. రెండే అవకాశాలు. కిందటేడు ఒక్క సెకను తేడాతో పోగొట్టుకుని వచ్చిన పిల్ల, ఈసారి పొద్దుటి నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు.

మనవరాలి కోసం మేస్త్రి కూడా వచ్చాడు. ముందు చక్రాలు చూడగానే మొహం చిట్లించాడు.

"ఏంది అల్లుడా, ఒకటి అటూ ఒకటి ఇటూ వాలినయ్? గోడైనా చక్రమైనా నిటారుగా ఉంటేనే నిలబడేది. గుండు తియ్యి."

మామ మాట నాంచారయ్య ఏనాడూ కాదనలేదు. నన్ను చక్రం పక్కన వేలాడదీశాడు. గాలికి ఊగిపోతుంటే, మేస్త్రి తన పాత ఉపాయం ప్రకారం నన్ను మజ్జిగ గ్లాసులో ముంచాడు.

"తాతా, అది నా మజ్జిగ!"

"గుండు తాగదులేమ్మా, ఊరికే నిలబడుద్ది."

నిలబడ్డాను. బోల్టులు వదులు చేసి, రెండు చక్రాలనీ నా దారానికి సమంగా నిలిపి బిగించారు. ఇక ఆ కారుకి తిరుగులేదనుకున్నాను.

మొదటి అవకాశంలో, మూడో మలుపు దగ్గర కారు బయటికి జారి గడ్డిలోకి దిగి మళ్లీ ఎక్కింది. ఎనభై మూడు సెకన్లు.

"స్టీరింగ్ తిప్పుతున్నా ముందు చక్రాలు వినట్లా తాతా, పట్టే లేదు," అంది మల్లీశ్వరి.

పక్క జట్టు మెకానిక్ ఊరుకుంటాడా? "మేస్త్రిగారూ, పనిలో పనిగా సున్నం కూడా కొట్టకపోయారా?"

నాంచారయ్య టైరు తడిమి చూశాడు. "మావయ్యా, ఇటు చూడండి. బయటి అంచు గీరుకుపోయింది. లోపలి అంచుకి దుమ్ము కూడా వదల్లా. మలుపులో కారు బయటికి ఒరిగితే చక్రం కూడా ఒరిగి, ఒక్క అంచు మీదే నడుస్తంది."

మేస్త్రి ఆ అంచు మీద వేలు రాశాడు. ఉన్నట్టుండి తొడ చరిచాడు.

"కాలవ గట్టుకి రాతిగోడ నిటారుగా కడతామా? మట్టి బయటికి తోసుద్దని, గోడని మట్టి మీదికే వాల్చి కడతాం. ఇక్కడ తోసేది ఈ కారేగా! చేతులారా కట్టినోణ్ణి, మర్చిపోయా. చక్రం తల లోపలికి వాల్చు అల్లుడా!"

నన్ను మళ్లీ మజ్జిగలో ముంచారు. నా దారానికీ చక్రం కింది అంచుకీ ఉన్న ఎడం కంటే, పై అంచు దగ్గర ఎడం చిటికెన వేలి మందమంత ఎక్కువుండేలా లాగి బిగించారు. రెండో చక్రానికీ అంతే. చక్రాన్ని వాలిస్తే దాని ముందు అంచు పక్కకి తిరుగుతుంది కాబట్టి, కారు పొడవునా దారం పట్టుకుని అదీ సరిచేశారు. ముప్పై ఏళ్ల పరువు మజ్జిగలో కలిసిందని ముందు కుమిలిపోయాను. తర్వాత తెలిసింది, ఎంత వాలిందో చెప్పాలన్నా వాలనివాడు ఒకడు ఉండాలి.

ఈసారి మూడో మలుపులో టైరు వెడల్పంతా రోడ్డుని కరిచింది. కారు పట్టాల మీద రైలల్లే తిరిగింది. డెబ్బై తొమ్మిది సెకన్లు! మల్లీశ్వరి దిగీ దిగగానే ఆ మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. వద్దని మనుషులకి చెప్పే నోరు నాకు లేదు.

సాయంత్రం పోటీలో ఆరో స్థానం వచ్చింది. షెడ్డులో స్పానర్లకి మాత్రం మొదటిదనే చెప్పాను.

మర్నాడు పక్క షెడ్డువాడు వచ్చి, "మేస్త్రిగారూ, చక్రాలు వంకరగా ఉన్నయ్యే!" అన్నాడు.

"వంకర కాదబ్బాయ్, కొలిచి వాల్చాం," అన్నాడు మేస్త్రి నాకేసి చూస్తూ.

మేకుకి వేలాడుతున్నాను. ఒంటికి ఇంకా మజ్జిగ వాసనే. అయినా నిటారుగానే ఉన్నాను.